ఒకే క్యాంపు, రెండు పుస్తకాలు: మనిషితనాన్ని ఎక్కడ వెతకాలి?

కాగితపు_పడవ
ప్రీమో లెవీ ‘ఇఫ్ దిస్ ఈజ్ ఎ మ్యాన్’, ఎలీ వీజెల్ ‘నైట్’. నాజీల ఆష్‌విట్జ్ క్యాంపు నుంచి బతికి బయటపడ్డ ఇద్దరు యూదుల జ్ఞాపకాలు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి ‘మానవత్వం, అమానుషత్వం’ అని వ్యాసాలు రాసేవాళ్ళతో నాకొక పేచీ ఉంది. పది వ్యాసాలు తిరగేస్తే పదీ ఒకటే మాట: నాజీలు రాక్షసులు, ఖైదీలు మంచివాళ్ళు, చివరికి మానవత్వం గెలిచింది. రెండు పుస్తకాల్లోనూ ఉన్నది ఇది కాదు. లెవీ పేజీల్లో క్యాంపును నడిపిన నాజీ దళం ఎస్సెస్ వాళ్ళు కనిపించేదే తక్కువ. వీజెల్ పుస్తకంలో కడుపు తరుక్కుపోయే ఘట్టాలు చాలావరకు ఖైదీకీ ఖైదీకీ మధ్య, ఇంకా చెప్పాలంటే తండ్రికీ కొడుక్కీ మధ్య జరిగేవి. మరి నిజాయితీగా పోల్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ ఘట్టానికి ఏది జోడీ? మా పఠన బృందంలో వచ్చే చర్చ దీని మీదే. వివరంగా చెప్పగలిగినవాళ్ళు చెప్పండి.

నత్తనడక
రొట్టె దగ్గర మొదలుపెట్టండి. రెండు పుస్తకాల్లోనూ కొలబద్ద అదే.

చివరి_పేజీ
రొట్టె కంటే ముందు తేదీలు చూసుకోవాలి. ఆష్‌విట్జ్ అని ఊరుకుంటే సరిపోదు. అది ఒక్క క్యాంపు కాదు, క్యాంపుల గుంపు. వీళ్ళిద్దరూ ఉన్నది అందులో మోనోవిట్జ్‌లో. దాన్నే బునా అని కూడా అంటారు. ఐ.జి. ఫార్బెన్ కంపెనీ కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీ కోసం ఖైదీలతో చాకిరీ చేయించిన చోటు. అంత చాకిరీ చేయించినా అక్కడి నుంచి ఒక్క కిలో రబ్బరు కూడా బయటికి రాలేదు.

లెవీది ఇటలీలోని టురిన్. కెమిస్ట్రీ చదివినవాడు. 1943 డిసెంబరు 13న పట్టుబడ్డాడు. 1944 ఫిబ్రవరి 22న అక్కడి ఫొస్సోలి క్యాంపు నుంచి 650 మందిని గూడ్సు పెట్టెల్లో కుక్కి పంపారు. వాళ్ళలో క్యాంపు లోపలికి వెళ్ళింది 96 మంది మగవాళ్ళు, 29 మంది ఆడవాళ్ళు. మిగతా ఐదొందల పైచిలుకు మందిలో రెండు రోజులు తిరిగేసరికి ఒక్కరూ లేరు. అప్పటికి లెవీకి 24 ఏళ్ళు. చేతిమీద పచ్చబొట్టు పొడిచిన అంకె 174517.

వీజెల్‌ది అప్పట్లో హంగరీ కింద ఉన్న సిగెట్. 1944 మేలో కుటుంబం మొత్తాన్నీ రైలెక్కించారు. వయసు 15. తల్లీ, చిన్న చెల్లెలు త్సిపోరా దిగిన రాత్రే విడిపోయారు. తండ్రీ కొడుకూ మిగిలారు. కొడుకు అంకె ఎ-7713.

ఇక అసలు సంగతి. 1945 జనవరి నడిమికి ఇద్దరూ ఆ క్యాంపు ఆసుపత్రిలోనే ఉన్నారు. లెవీ స్కార్లెట్ జ్వరంతో అంటువ్యాధుల గదిలో. వీజెల్ పాదానికి ఆపరేషన్ అయి ఇంకో చోట. జనవరి 18న క్యాంపు ఖాళీ చేశారు. వీజెల్ తండ్రితో కలిసి మంచులో నడక మొదలుపెట్టాడు. లెవీ లేవలేక ఉండిపోయాడు. రష్యన్లు వచ్చింది 27న. రెండు పుస్తకాల చివరి భాగాలూ ఈ కొద్ది రోజుల కథే. ఇంత దగ్గరి జోడీ చేతిలో ఉండగా దాన్ని వదిలేసి ‘నాజీలు చెడ్డవాళ్ళు’ అని రాయడం నాకూ బాధగానే ఉంటుంది.

మంచుపొద్దు
ఒకే ఆసుపత్రా! రెండూ చదివాను, ఇది పట్టించుకోలేదు. అంటే వీజెల్ ఉండిపోయి ఉంటే, ఆ ప్రయాణం తర్వాత పోయిన తండ్రి బతికేవాడన్నమాట.

చివరి_పేజీ
అలా తేల్చేయకండి. అందరూ జారిపడేది అక్కడే. ఉండిపోయినవాళ్ళను తర్వాత రష్యన్లు విడిపించారని తెలిసిందని వీజెల్ రాసిన మాట చదివి ‘అయ్యో, తప్పు నిర్ణయం’ అనుకుంటాం. కానీ లెవీ తర్వాత రాసిన అనుబంధం చూడండి. మోనోవిట్జ్ ఆసుపత్రిలో మిగిలింది దాదాపు 800 మంది. రష్యన్లు రాకముందే ఐదొందల మంది రోగంతో, చలితో, ఆకలితో పోయారు. వచ్చాక ఇంకో రెండొందల మంది పోయారు. పైగా ఆ రోజున, వెనక ఉన్న రోగుల్ని కాల్చేస్తారనే అందరి భయం. ఆరోగ్యంగా ఉన్న లెవీ స్నేహితుడు ఆల్బెర్తో హుషారుగా నడిచి వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఏ దారిలో బతుకు ఉందో ఆ రోజు ఎవరికీ తెలిసే వీలు లేదు.

ఎర్ర_పెన్సిల్
నత్తనడక గారి మాటనే పట్టుకుంటాను. పద్ధతి చెబుతాను, పడవ గారూ, చేసి చూడండి.

రెండు పుస్తకాలూ మళ్ళీ చదువుతూ రొట్టె గానీ సూప్ గానీ చేయి మారిన ప్రతి చోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ప్రతి గుర్తు పక్కనా నాలుగు ముక్కలు రాసుకోండి: ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, బదులుగా ఏం వచ్చింది, ఇవ్వకపోతే ఇచ్చినవాడికి ఏం మిగిలేది. ‘మంచి’, ‘చెడు’ అన్న మాటలు ఈ దశలో రాయొద్దు. రాస్తే తీర్పు ముందొచ్చి వివరం వెనక పడుతుంది.

ఇలా చేస్తే రెండు గుర్తులు ఒకదానికొకటి ఎదురొచ్చి నిలబడతాయి.

మొదటిది లెవీ చివరి అధ్యాయంలో, జనవరి 19న. జర్మన్లు వెళ్ళిపోయారు. లెవీ, ఇద్దరు ఫ్రెంచివాళ్ళు షార్ల్, ఆర్థర్ కలిసి చలిలో బయటికి పోయి ఒక ఇనప పొయ్యి, కొన్ని బంగాళాదుంపలు సంపాదించి తోపుడుబండిలో తెచ్చారు. కిటికీ మూశారు, పొయ్యి రాజేశారు, గది వెచ్చబడింది. అప్పుడు టైఫస్‌తో పడి ఉన్న తొవరోవ్‌స్కీ అనే కుర్రాడు ఒక ప్రతిపాదన పెట్టాడు: పనిచేసిన ఈ ముగ్గురికీ తలా ఒక ముక్క రొట్టె ఇద్దామని. అందరూ సరే అన్నారు. తమ మధ్య జరిగిన మొదటి మానవీయమైన పని అదేనంటాడు లెవీ. క్యాంపు చచ్చిపోయిందనడానికి గుర్తు అదేనంటాడు. ఎందుకంటే ముందురోజు దాకా అక్కడి ధర్మం వేరు: నీ రొట్టె నువ్వు తిను, వీలైతే పక్కవాడిదీ తిను.

రెండోది ‘నైట్’లో, దాని తర్వాత కొద్ది రోజులకే, జర్మనీలోని బుఖెన్‌వాల్డ్ క్యాంపుకి వెళ్ళే పైకప్పులేని రైలు పెట్టెల్లో. దారిలో జర్మన్ పనివాళ్ళు రొట్టె ముక్క విసిరి, ఆకలిగొన్నవాళ్ళు కొట్టుకోవడం చూస్తున్నారు. ఒక ముసలాయన చొక్కా కింద ముక్క దాచుకుని పక్కకి పాకాడు. మీద పడ్డవాడు సొంత కొడుకు. నన్ను గుర్తుపట్టలేదా, నీకూ రొట్టె తెచ్చానురా అని తండ్రి అంటూనే ఉన్నాడు. తండ్రి పోయాడు. ఆ కొడుకు మీద ఇంకొందరు పడ్డారు. కాసేపటికి రెండు శవాలు.

ఒకే క్యాంపు నుంచి బయల్దేరిన మనుషులు, ఒకే నెల, ఒకే వస్తువు. ఒక గదిలో కాపలా పోయింది, పొయ్యి వెలిగింది. ఆ పెట్టెలో కాపలా ఉంది, పైన మంచు కురుస్తోంది. మనుషుల స్వభావంలో తేడా వెతికేముందు ఈ తేడా రాయండి.

కాగితపు_పడవ
ఈ పోస్టు ప్రింట్ తీసుకుంటున్నాను. ‘పరిస్థితి’ అని ఒక్క మాట రాసి వదిలేసేదాన్ని. పొయ్యి, పైకప్పు అని రాయాలన్నమాట.

రాతి_బల్ల
ఒప్పుకోను. అంతా పరిస్థితే అయితే లొరెన్జో సంగతేంటి? ఆయన ఇటలీ నుంచి పనికొచ్చిన తాపీమేస్త్రీ, ఖైదీ కాదు. ఆరు నెలలపాటు రోజూ లెవీకి ఒక రొట్టె ముక్క, తన సూప్‌లో మిగిలింది తెచ్చిచ్చాడు. అతుకులు వేసిన తన బనీను ఇచ్చాడు. లెవీ తరఫున ఇటలీకి కార్డు రాసి జవాబు కూడా తెప్పించాడు. ఖైదీతో మాట్లాడినా శిక్షపడే చోట ఇదంతా చేశాడు, బదులుగా ఏమీ పుచ్చుకోలేదు. అదే పరిస్థితిలో ఉన్న మిగతా పనివాళ్ళు చాలామంది మొహం తిప్పుకున్నారు. కాబట్టి మనిషి లెక్క కూడా ఉంది.

ఎర్ర_పెన్సిల్
ఉంది, ఒప్పుకుంటాను. కానీ లొరెన్జో రాత్రికి తీగకంచె అవతల తన బ్యారక్‌కి పోయి పడుకునేవాడు. లెవీ కూడా ఆ తేడానే ఎత్తి చూపుతాడు. లోపలివాళ్ళలో మనిషితనం పూడుకుపోయింది, లొరెన్జో లోపలి లోకపు మనిషి కాదు, అందుకే అతని మనిషితనం మచ్చపడకుండా ఉంది అని. రొట్టె వల్ల కంటే, బయట ఇంకా న్యాయమైన లోకం ఒకటుందని తన ఉనికితో గుర్తు చేసినందుకే బతికానంటాడు.

రాతి_బల్ల
సరే, ఆ ‘లోపల, బయట’ గీత నాకు నచ్చింది. కానీ పరిస్థితి మీదికి మొత్తం నెట్టేస్తే ఎవరినీ తప్పుపట్టలేం. లెవీ తప్పుపడతాడు. మానడు.

చివరి_పేజీ
అవును, తప్పుపట్టే చోటు చాలా విచిత్రంగా ఉంటుంది. కెమిస్ట్రీ పరీక్ష అధ్యాయం. ఫ్యాక్టరీ కెమిస్టుల బృందంలోకి తీసుకోవడానికి లెవీకి పెట్టిన పరీక్ష. డాక్టర్ పాన్విట్జ్ బల్ల వెనక కూర్చుని తల ఎత్తి చూస్తాడు. ఆ చూపు మనిషికీ మనిషికీ మధ్య చూపులా లేదు, అక్వేరియం అద్దానికి ఇటూ అటూ రెండు వేరే లోకాల జీవాలు చూసుకున్నట్టుంది అంటాడు. పరీక్ష అయ్యాక కాపో అలెక్స్ వెనక్కి తీసుకెళుతున్నాడు. కాపో అంటే తోటి ఖైదీల మీద పెత్తనం ఇచ్చిన ఖైదీ. దారిలో ఒక ఇనప తాడు పట్టుకుంటాడు, చేతికి గ్రీజు అంటుతుంది. లెవీ భుజానికి ఆ చేయి తుడుచుకుంటాడు. అరచెయ్యి, ఆ తర్వాత చెయ్యి వెనకవైపు. కోపం లేదు, వెక్కిరింత లేదు. గుడ్డముక్కకు తుడుచుకున్నట్టు.

లెవీ అలెక్స్‌నీ, పాన్విట్జ్‌నీ, అలాంటి లెక్కలేనంతమందినీ ఈ పని ఆధారంగానే తీర్పు చెబుతున్నానంటాడు. కొట్టడం మీద కాదు, చంపడం మీద కాదు, చేయి తుడుచుకోవడం మీద.

పడవ గారూ, ‘అమానుషత్వం’ కింద ఒక్క ఘట్టమే పెట్టే వీలుంటే ఇదే పెట్టండి. కోపంతో కొట్టేవాడికి ఎదుట ఒక మనిషి ఉన్నాడని తెలుసు. అలెక్స్‌కి ఎదుట ఉన్నది బట్ట.

పదాల_మూట
ఇక్కడే మాట గురించి ఒక ముక్క. ‘అమానుషం’ అనేది మనం ‘క్రూరం’ అనే అర్థంలో వాడి వాడి అరగదీశాం. ‘అమానుష దాడి’ అంటే గట్టిగా కొట్టారని మాత్రమే వినిపిస్తుంది. లెవీ చెప్పేది కొట్టడం గురించి కాదు, ఎదుటివాడిని మనుషుల లెక్కలోంచి తీసేయడం గురించి. ‘మనిషితనం ఊడబెరకడం’ అంటేనే దగ్గరగా ఉంది. చర్చలో ఈ రెంటినీ కలిపేస్తే అలెక్స్ ఘట్టం చప్పగా కనిపిస్తుంది, రైలు ఘట్టం మాత్రమే పెద్దదిగా కనిపిస్తుంది.

పుస్తకం పేరు కూడా గమనించండి. ‘ఇతను మనిషే అయితే’ అని షరతు, లేదా సందేహం. ముందున్న కవిత నుంచి వచ్చింది. బురదలో పనిచేసేవాడిని, జుట్టూ పేరూ లేని ఆడమనిషిని చూపించి ఆలోచించమంటుంది. అమెరికాలో దీన్ని ‘సర్వైవల్ ఇన్ ఆష్‌విట్జ్’ అని మార్చి అచ్చేశారు. ఆ పేరుతో చదివితే ఇది ఎలా బతికి బయటపడాలో చెప్పే పుస్తకంలా తోస్తుంది. ప్రశ్న మాయమైపోయింది.

మంచుపొద్దు
నా దగ్గరున్నది ఆ పేరుతోనే! అట్ట మీద కాగితం అంటించి అసలు పేరు రాసుకుంటాను.

నత్తనడక
చెంచాల గురించి ఎవరూ అనలేదేం?

మంచుపొద్దు
చెంచాలా?

నత్తనడక
చెబుతాను, కాస్త పెద్దదే.

మోనోవిట్జ్‌లో ఖైదీకి సూప్ ఇస్తారు, చెంచా ఇవ్వరు. చెంచా లేకపోతే కుక్కలా గతకాలి. కొనుక్కోవాలి. లెవీ రాసిన ధర: చెంచాకి సగం రోజు రొట్టె. పిడిని అరగదీసి కత్తిగా చేసిన చెంచా అయితే ముప్పావు. ఇది ‘మంచిచెడ్డలకు ఇవతల’ అన్న అర్థం వచ్చే పేరున్న అధ్యాయంలో వస్తుంది. క్యాంపు సంత లెక్కలన్నీ అందులోనే. చాలా ఏళ్ళ తర్వాత, 1986లో వచ్చిన ‘ది డ్రౌన్డ్ అండ్ ది సేవ్డ్’లో దీనికి ఇంకో ముక్క కలిపాడు: విడుదలయ్యాక గిడ్డంగులు తెరిస్తే వేలకొద్దీ చెంచాలు బయటపడ్డాయి. అంటే లేక ఇవ్వకపోవడం కాదు. ఉండీ ఇవ్వలేదు.

ఇప్పుడు ‘నైట్’ తీయండి. గ్యాస్‌కి ఎవరిని పంపాలో ఏరే సెలెక్షన్‌లో తండ్రి నంబరు రాసుకున్నారు. కొడుకు పనికి పోయే వేళ. తండ్రి గబగబా తన కత్తీ చెంచా తీసి చేతిలో పెడతాడు, నాకింక అక్కర్లేదు, అమ్ముకోకు అంటాడు. కొడుకు వద్దంటాడు, తండ్రి బతిమాలతాడు. దాన్ని వీజెల్ వారసత్వం అంటాడు. ఆ సాయంత్రం తండ్రి బతికే ఉన్నాడని తెలిసి కత్తీ చెంచా తిరిగి ఇచ్చేస్తాడు.

‘నైట్’ ఒక్కటే చదివితే అయ్యో, ఆస్తి అంటే చెంచా ఒక్కటే మిగిలిందా అనిపిస్తుంది. లెవీ ధర పక్కన పెట్టుకుని చదివితే అది ఎంతో తెలుస్తుంది. అదే క్యాంపు, అదే సంత. ఆ తండ్రి ఇచ్చింది ముప్పావు రోజు తిండి, పైగా గిన్నెలో మూతి పెట్టకుండా తినే గౌరవం. అమ్ముకోకు అని ఎందుకన్నాడో అప్పుడు అర్థమవుతుంది. అమ్మితే ఒక్కపూట కడుపు నిండుతుంది, ఉంచుకుంటే రోజూ మనిషిలా తింటాడు.

కాగితపు_పడవ
నత్తనడక అని పేరు పెట్టుకుని అందరికంటే ముందు చేరారు. చెంచా తప్పకుండా పెడతాను.

ఎర్ర_పెన్సిల్
నా పద్ధతిలో రొట్టె, సూప్ అన్నాను. చెంచా కూడా కలుపుకోండి.

దీపపు_సెమ్మె
అందరూ ఒప్పుకుంటున్నారు కాబట్టి ఒక అసమ్మతి. ‘నైట్’లో మనిషితనం అణువంతైనా మిగలదు, అది పూర్తిగా చీకటి పుస్తకం. లెవీలో లొరెన్జో ఉన్నాడు, డాంతే పద్యాలు గుర్తుచేసుకుంటూ జాన్‌తో కలిసి సూప్ తేవడానికి నడిచిన గంట ఉంది. వీజెల్‌లో అలాంటివి లేవు. కాబట్టి ఒకటి మానవత్వానికి, ఒకటి అమానుషత్వానికి అని పంచేయొచ్చు కదా?

రాతి_బల్ల
పంచలేరు. ‘నైట్’లో నాకు వెంటనే గుర్తొచ్చేవి ఇవి.

ఆష్‌విట్జ్‌లో మొదటి బ్లాకు (ఖైదీల బ్యారక్) పెద్ద, పోలిష్ కుర్రాడు. ఒకరికొకరు సాయం చేసుకోండి, బతకాలంటే అదొక్కటే దారి అంటాడు. అవి తాము విన్న మొదటి మానవీయమైన మాటలంటాడు వీజెల్. మరీ మెతకగా ఉన్నాడని ఆ కుర్రాడిని పదవిలోంచి తీసేశారు.

ఇదెక్, పిచ్చి పట్టినట్టు కొట్టే కాపో. అతని చేతిలో వీజెల్ దెబ్బలు తిన్నాక, పక్కన పనిచేసే ఫ్రెంచి అమ్మాయి వీజెల్ మొహం మీది నెత్తురు తుడిచి, తన రొట్టె ముక్క ఇచ్చి, జర్మన్‌లో నాలుగు మాటలు చెబుతుంది. ఆమె యూదురాలన్న సంగతి దాచుకుని ఉంది, జర్మన్ వచ్చని తెలిస్తే అది బయటపడే ప్రమాదం ఉంది. అయినా మాట్లాడింది.

మంచులో నడక తర్వాత ఆగిన గ్లైవిట్జ్‌లో ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడని చీకటిగదిలో జూలియెక్ వయొలిన్ వాయిస్తాడు. తెల్లారేసరికి జూలియెక్ లేడు, వయొలిన్ నలిగిపోయి ఉంది.

ఆఖరికి రైల్లో శవాలను బయటికి విసిరేవాళ్ళు తండ్రి కూడా పోయాడనుకుని ఎత్తబోతే కొడుకు మీదపడి చెంపలు వాయించి, కనురెప్ప కదిలేదాకా కొట్టి కాపాడుకుంటాడు.

దీపపు_సెమ్మె
ఆ చెంపదెబ్బల సంగతి మరిచిపోయాను. అవును. మొదటి రోజు మరుగుదొడ్డి ఎక్కడని అడిగినందుకు కాపో తండ్రిని కొడితే కొడుకు కదలకుండా నిలబడతాడు, నిన్నటిదాకా అయితే గోళ్ళతో రక్కేవాణ్ణి అనుకుంటాడు. చివర్లో అదే చెంపమీద తనే కొట్టి బతికిస్తాడు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. వీజెల్‌లో ఇవి లేకపోవడం కాదు, వచ్చి వెంటనే ఆరిపోతాయి.

చివరి_పేజీ
‘ఆరిపోతాయి’ అన్నది సరిగ్గా ఉంది. మంచి బ్లాకు పెద్దకు జోడీ ఆఖర్లో వస్తాడు చూడండి. బుఖెన్‌వాల్డ్‌లో ఇంకో బ్లాకు పెద్ద, వాడు కూడా సలహానే ఇస్తాడు: ఇక్కడ తండ్రి లేడు, అన్న లేడు, ఎవడి చావు వాడిదే, మీ నాన్నకి రొట్టె పెట్టడం మానెయ్, ఆయన వాటా కూడా నువ్వే తినాలి అని. తిట్టినట్టు కాదు, మంచి కోరి చెప్పినట్టు. రెండు వాటాల రొట్టె, రెండు వాటాల సూప్ అని క్షణంలో వందో వంతు కొడుకు మనసులో మెదులుతుంది. తర్వాత పరుగెత్తుకెళ్ళి సూప్ తెచ్చి తండ్రికి పెడతాడు. ఆ క్షణాన్ని దాచకుండా రాశాడు. పుస్తకం బరువంతా అక్కడుంది.

పదాల_మూట
ఇంకో జోడీ. అబద్ధాలు.

‘నైట్’లో ఆంట్వెర్ప్ నుంచి వచ్చిన బంధువు స్టైన్ వెతుక్కుంటూ వస్తాడు, భార్య రైజెల్, పిల్లల కబురు ఏమైనా తెలుసా అని. ఎలీకి ఏమీ తెలియదు. మా అమ్మకి ఉత్తరం వచ్చింది, బాగానే ఉన్నారు అని చెబుతాడు. ఆయన ఆనందంతో ఏడుస్తాడు. అప్పుడప్పుడూ వచ్చి సగం రొట్టె ఇచ్చిపోతాడు. వాళ్ళు బతికున్నారన్న నమ్మకమే తనను నిలబెడుతోందంటాడు. కొన్నాళ్ళకు ఆంట్వెర్ప్ నుంచి రైలొస్తుంది, నిజమైన కబురు తెలుసుకోవడానికి వెళతాడు. మళ్ళీ కనిపించడు.

లెవీలో క్రౌస్. హంగరీ కుర్రాడు, కొత్తవాడు, పని తెలియక ఒళ్ళు హూనం చేసుకుంటున్నాడు. వానలో నడుస్తూ లెవీ అతనికి ఒక కల చెబుతాడు: మా ఇంట్లో వెచ్చగా కూర్చున్నాం, నువ్వు భోజనానికి వచ్చావు అని. క్రౌస్ పొంగిపోయి మాటలు గుప్పిస్తాడు. పాఠకుడికి మాత్రం లెవీ నిజం చెబుతాడు. అలాంటి కల రాలేదు, క్రౌస్ నాకేమీ కాడు, ఆ ఒక్క క్షణం తప్ప.

రెండూ జాలితో ఆడినవే. స్టైన్‌ని అబద్ధం కొన్నాళ్ళు మోసింది, నిజం పడేసింది. క్రౌస్‌కి నిజం తెలిసే అవకాశమే లేదు, పాఠకుడికే తెలుసు. ఏది మానవత్వం అని తేలిగ్గా చెప్పలేని ఘట్టాలు కనుక చర్చలో ఇవే ఎక్కువసేపు నడుస్తాయి.

మంచుపొద్దు
క్రౌస్ అధ్యాయం నాలుగైదు పేజీలే అని గబగబా దాటేశాను. మళ్ళీ చదవాలి.

ఎర్ర_పెన్సిల్
దాటేయకూడనిది ఇంకొకటి. స్టైన్‌లౌఫ్. సబ్బు లేకుండా, మురికినీళ్ళతో రోజూ ఒళ్ళు కడుక్కునే మాజీ సైనికుడు. క్యాంపు మనల్ని పశువుల్ని చేసే యంత్రం, కాబట్టి పశువులం కాకూడదు, కడుక్కోవాలి అంటాడు. అందరూ దీన్ని లెవీ సిద్ధాంతంగా ఎత్తిరాస్తారు. ఆ అధ్యాయం ఆఖరి పేరా చదవరు. ఆ నియమం ఆయనకు సరిపోతుంది, నాకు సరిపోదు, ఇంకొకరు కట్టిన వ్యవస్థను నేను ఒంటికి తగిలించుకోలేను అంటాడు లెవీ. పాత్ర చెప్పింది రచయిత చెప్పినట్టు రాయడం ఈ పుస్తకం విషయంలో ఎక్కువగా జరిగే తప్పు.

దీపపు_సెమ్మె
దేవుడి ప్రస్తావన ఎవరూ తేలేదు. లెవీ చల్లగా రాస్తాడు, వీజెల్ మండిపోతాడు అంటారు. నాకైతే రెండు చోట్లా మంటే కనిపిస్తుంది. 1944 అక్టోబరు సెలెక్షన్ అయ్యాక కూన్ అనే ముసలాయన తను తప్పించుకున్నందుకు గట్టిగా ప్రార్థన చేస్తుంటాడు. పక్క బెర్తులో బెప్పో, ఇరవై ఏళ్ళ గ్రీకు కుర్రాడు, ఎల్లుండి గ్యాస్‌కి పోవలసినవాడు, దీపం వంక చూస్తూ పడుకుని ఉంటాడు. నేనే దేవుడినైతే కూన్ ప్రార్థనను ఉమ్మేస్తాను అంటాడు లెవీ. అది చల్లదనమా?

చివరి_పేజీ
కాదు. కానీ మంట వైపు తేడా ఉంది. వీజెల్ కోపం దేవుడి మీద. నమ్మినవాడి కోపం. యూదుల పవిత్ర దినం యోమ్ కిప్పూర్ నాడు ఉపవాసం మాని సూప్ తాగడం తిరుగుబాటే. లెవీ కోపం కూన్ మీద, పక్కవాణ్ణి చూడనందుకు. నమ్మకం లేనివాడికి అక్కడ దేవుడు కాదు, బెప్పో ముఖ్యం. ‘ఇద్దరూ విశ్వాసం కోల్పోయారు’ అని కలిపి రాస్తే రెండూ చెడతాయి. లెవీకి కోల్పోవడానికి ఆ విశ్వాసం ముందు నుంచే లేదు.

కాగితపు_పడవ
ఉరి ఘట్టాలు జోడీగా పెట్టొచ్చా? రెండిట్లోనూ ఉన్నాయి కదా.

రాతి_బల్ల
పెట్టొచ్చు. ఒక్క జాగ్రత్త. ‘నైట్’లో చిన్నపిల్లవాడి ఉరినే అందరూ చెబుతారు, దానికి ముందున్న ఉరిని మింగేస్తారు. ముందు ఉరి తీసిన వార్సా కుర్రాడు బలంగా నిలబడి నినాదం చేసి పోతాడు. ఆ రాత్రి సూప్ ఎప్పటికంటే రుచిగా ఉందని రాస్తాడు వీజెల్. పిల్లవాడు బరువు చాలక అరగంటకు పైగా కొట్టుకున్నాడు. ఆ రాత్రి సూప్ శవాల వాసన కొట్టింది. రెండు సూప్‌లూ కలిపి చదవాలి. మొదటిది లేకపోతే రెండోదాని అర్థం సగమే.

లెవీలో ఉరితీసింది, ఆష్‌విట్జ్ గుంపులోనే ఇంకో క్యాంపైన బిర్కెనావ్‌లో జరిగిన ఖైదీల తిరుగుబాటుతో సంబంధం ఉన్నవాణ్ణి. సహచరులారా, నేనే ఆఖరివాణ్ణి అని అరిచి పోయాడు. వరుసల్లోంచి ఒక్క గొంతు లేవలేదు. లెవీ, ఆల్బెర్తో గదికి వచ్చి అదనంగా సంపాదించిన సూప్ పంచుకుంటారు, కడుపు నింపుకుంటారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. ఉరి తర్వాత సూప్ రెండు పుస్తకాల్లోనూ వచ్చింది. ఒకరు రుచి రాశారు, ఒకరు సిగ్గు రాశారు.

పదాల_మూట
ప్రతుల గురించి, పడవ గారికి పనికొచ్చేవి. లెవీ పుస్తకం 1947లో చిన్న ప్రచురణకర్త దగ్గర 2,500 ప్రతులు వచ్చింది. పెద్దగా కదల్లేదు. 1958లో ఐనౌడి అనే ప్రచురణ సంస్థ కొన్ని చేర్పులతో మళ్ళీ వేశాక నిలబడింది. అధ్యాయాలు కాలక్రమంలో రాయలేదు, ఏది ఆగకుండా పొంగితే అది ముందు రాశానన్నాడు. ‘నైట్’ ముందు తూర్పు యూరప్ యూదుల భాష యిద్దిష్‌లో 1956లో బ్వేనోస్ ఐరెస్‌లో పెద్ద పుస్తకంగా వచ్చింది. 1958లో ఫ్రెంచిలో బాగా కుదించి వేశారు. 1960లో ఇంగ్లిష్, 2006లో భార్య మేరియన్ చేసిన కొత్త అనువాదం. పేజీ నంబర్లు కలవవు. చర్చకు అందరికీ ఒకే ప్రతి తెప్పించండి, లేదా పేజీ కాకుండా ఘట్టం పేరు చెప్పండి.

కాగితపు_పడవ
అయితే ఇలా పెట్టుకుంటున్నాను: జనవరి 18తో మొదలు. తర్వాత గ్రీజు చేయి. తర్వాత చెంచా, రెండు అబద్ధాలు, రెండు రొట్టెలు, ఉరి తర్వాత సూప్. ముగింపు ఇంకా కుదరలేదు. ‘నైట్’ చివర్లో వీజెల్ అద్దంలో చూసుకుంటే కనిపించిన శవం దగ్గర ఆపాలా?

నత్తనడక
అద్దం అందరికీ తెలుసు. రెండు మరణాలు పెట్టండి, తేడా రెండు రోజులే.

వీజెల్ తండ్రి బుఖెన్‌వాల్డ్‌లో జనవరి 28 రాత్రి పోయాడు. 29 తెల్లవారి కొడుకు లేచేసరికి ఆ పడకలో ఇంకో రోగి ఉన్నాడు. ప్రార్థన లేదు, దీపం లేదు. ఆయన ఆఖరి మాట కొడుకు పేరు, కొడుకు పలకలేదు. కన్నీళ్ళు రాలేదనీ, లోలోపల ‘చివరికి విడుదల’ లాంటి మాటేదో ఉందేమోననీ రాసుకున్నాడు.

లెవీ గదిలో పదకొండు మంది. ఆ పది రోజుల్లో పోయింది ఒక్కడే, సోమోగ్యి అనే హంగరీ కెమిస్ట్. ఇంకా స్పృహ ఉండగా ముగ్గురినీ పిలిచి, పరుపు కింద నా రొట్టె ఉంది, మీరు పంచుకోండి, నేనింక తినను అన్నాడు. వాళ్ళకు ఏమనాలో తోచలేదు, అప్పటికి ఆ రొట్టె ముట్టుకోలేదు. తర్వాత మత్తులో ఊపిరి వదిలిన ప్రతిసారీ ‘యావోల్’, చిత్తం, చిత్తం అంటూనే ఉన్నాడు. క్యాంపు పోయినా అతని గొంతులోంచి పోలేదు. 26 రాత్రి ప్రాణం పోయింది. 27న షార్ల్, లెవీ స్ట్రెచర్ మీద కాస్త దూరం మోసుకెళ్ళారు. చాలా తేలిగ్గా ఉన్నాడు. బూడిదరంగు మంచు మీద దించుతుండగా రష్యన్లు వచ్చారు. షార్ల్ టోపీ తీశాడు. లెవీకి తీయడానికి టోపీ లేదు, లేదే అని బాధపడ్డాడు.

కాగితపు_పడవ
టోపీ దగ్గరే ఆపుతాను.